సలహా మండలిలో ఎవరు కూర్చుంటున్నారు?

(మైనారిటీ హక్కుల కార్యకర్తల శిక్షణ సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సులో విద్య గురించి, ఉపాధి గురించి, వక్ఫ్ ఆస్తుల గురించి, చట్టసభలలో ప్రాతినిధ్యం గురించి పెద్దలు మాట్లాడారు. మాకు అప్పగించిన విషయం వాటి పక్కన చిన్నదిగా కనిపించవచ్చు. పర్యావరణ విషయాలలో రాష్ట్ర ప్రభుత్వానికి సలహా ఇచ్చే సంస్థలలో సభ్యులుగా ఎవరు ఉంటున్నారు, వారు ఏ వృత్తుల నుంచి వస్తున్నారు అన్నదే ఆ విషయం. ఇది నిపుణులు చూసుకోవలసిన వ్యవహారమనీ, మనకు సంబంధం లేదనీ చాలామంది భావిస్తారు. కానీ మన బస్తీ నాలాలో ఏ రంగు నీరు పారాలో, మన పిల్లలు ఏ గాలి పీల్చాలో నిర్ణయించే కాగితం ముందుగా ఈ సభ్యుల చేతుల మీదుగానే వెళుతుంది. వారు తమ వృత్తి జీవితంలో దేనిని చూశారో దానినే ప్రశ్నిస్తారు. చూడని దానిని ప్రశ్నించాలన్న ఆలోచనే వారికి రాకపోవచ్చు. అందుచేత సభ్యుల వృత్తి నేపథ్యం మనకు సంబంధించిన విషయమే.

చట్టం ఏం చెబుతున్నది?

మన రెండు రాష్ట్రాలలోనూ ఇటువంటి సంస్థలలో ప్రధానమైనది కాలుష్య నియంత్రణ మండలి. 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం కింద ఇది ఏర్పడింది. దీనిని కేవలం అనుమతులిచ్చే కార్యాలయంగా మనం చూస్తున్నాం. చట్టంలోని 17వ సెక్షన్ మాత్రం కాలుష్యానికి సంబంధించిన ఏ విషయంలోనైనా రాష్ట్ర ప్రభుత్వానికి సలహా ఇవ్వడం కూడా మండలి బాధ్యతేనని చెబుతున్నది. కనీసం మూడు నెలలకు ఒకసారి మండలి సమావేశం కావాలన్న నిబంధన కూడా ఉన్నది.

మండలిలో ఎవరుండాలో 4వ సెక్షన్ వివరిస్తుంది. పర్యావరణ పరిరక్షణలో ప్రత్యేక జ్ఞానమో, ఆచరణాత్మక అనుభవమో ఉన్న వ్యక్తి, లేదా అటువంటి సంస్థలను నడిపిన అనుభవం ఉన్న వ్యక్తి అధ్యక్షునిగా ఉండాలి. ప్రభుత్వం తరఫున ఐదుగురికి మించకుండా అధికారులు ఉంటారు. స్థానిక సంస్థల సభ్యుల నుంచి ఐదుగురికి మించకుండా నామినేట్ చేస్తారు. వ్యవసాయం, చేపల పరిశ్రమ, పరిశ్రమలు, వాణిజ్యం, లేదా ప్రాతినిధ్యం అవసరమని ప్రభుత్వం భావించిన మరే ప్రయోజనం తరఫునైనా ముగ్గురికి మించకుండా అనధికారులు ఉంటారు. ప్రభుత్వరంగ సంస్థల తరఫున ఇద్దరు, శాస్త్ర, ఇంజనీరింగ్ లేదా నిర్వహణ రంగాలలో అర్హత, అనుభవం ఉన్న పూర్తికాల సభ్య కార్యదర్శి ఒకరు ఉంటారు. మొత్తం కలిపితే 17 మందికి మించరు.

ఈ లెక్కను ఒకసారి నిదానంగా చూద్దాం. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నారన్న కారణంతో వచ్చేవారు ఐదుగురు. ప్రభుత్వరంగ సంస్థల నుంచి వచ్చేవారు ఇద్దరు. ప్రజల ఓటుతో గెలిచి, తమ వార్డు డ్రైనేజీ సంగతి ప్రతిరోజూ వినేవారికి చట్టం ఐదు స్థానాల వరకు ఇచ్చింది. రైతు, మత్స్యకారుడు, వ్యాపారి వంటి వారికి ఇచ్చినవి మూడు. వైద్యునికి విడిగా స్థానం లేదు. కార్మికునికి కూడా లేదు. అయితే 'మరే ప్రయోజనమైనా' అన్న ఆ చిన్న మాట ద్వారా వారిద్దరికీ తలుపు తెరిచే ఉన్నది. ఆ తలుపు తట్టినవారు తక్కువ.

అనర్హతల గురించి 6వ సెక్షన్ చెప్పినది కూడా తెలుసుకోవాలి. మురుగునీటిని, వ్యర్థజలాలను శుద్ధి చేసే యంత్రాలను తయారుచేసే లేదా అమ్మే సంస్థలో వాటా ఉన్నవారు సభ్యులుగా ఉండరాదు. అటువంటి శుద్ధి పనుల కాంట్రాక్టులు పొందిన సంస్థలలో డైరెక్టర్లు, జీతం తీసుకునే ఉద్యోగులు కూడా ఉండరాదు. ఈ నియమం సబబైనదే. కాని నీటిని శుద్ధి చేసే యంత్రం అమ్మేవారిని దూరంగా ఉంచిన ఆ సెక్షన్, నీటిని మురికి చేసే కర్మాగారం యజమానిని మాత్రం దూరంగా ఉంచలేదు. పరిశ్రమకు ప్రాతినిధ్యం ఉండాలన్నది చట్టం ఉద్దేశం, దానితో మాకు తగాదా లేదు. ఆ సభ్యునికి ఎదురుగా కూర్చుని, కర్మాగారం గోడ అవతల ఏం జరుగుతున్నదో చెప్పగల సభ్యుడు ఉన్నాడా లేడా అన్నదే మా ప్రశ్న.

డిగ్రీల కొలబద్ద

రెండవది, రాష్ట్ర స్థాయి నిపుణుల మదింపు కమిటీ. 2006 సెప్టెంబరు 14న కేంద్రం జారీ చేసిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద ఇది ఏర్పడుతుంది. ఒక ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి ఇవ్వవచ్చునా, ఏ షరతులపై ఇవ్వాలి అన్నది ఈ కమిటీ పరిశీలించి సిఫారసు చేస్తుంది. నిర్ణయం తీసుకునేది ముగ్గురు సభ్యులున్న రాష్ట్ర ప్రాధికార సంస్థ.

ఈ కమిటీకి అర్హతలు వివరంగా రాసి ఉన్నాయి. వృత్తి నిపుణుడు అనిపించుకోవాలంటే ఐదేళ్ల విశ్వవిద్యాలయ చదువుతో స్నాతకోత్తర పట్టా, లేదా నాలుగేళ్ల ఇంజనీరింగ్ పట్టా, లేదా న్యాయశాస్త్రం వంటి వృత్తి పట్టా, లేదా చార్టర్డ్ అకౌంటెంట్ వంటి అర్హత, లేదా పట్టా తరువాత సివిల్ సర్వీసు అకాడమీ వంటి చోట రెండేళ్ల శిక్షణ ఉండాలి. విషయ నిపుణుడు కావాలంటే దానిపై 15 ఏళ్ల అనుభవం, డాక్టరేటు ఉంటే 10 ఏళ్ల అనుభవం ఉండాలి. ఏ రంగాల వారు ఉండాలో కూడా జాబితా ఉన్నది. పర్యావరణ నాణ్యతను కొలిచేవారు, ప్రాజెక్టుల నిర్వహణ తెలిసినవారు, ప్రభావ మదింపు నివేదికలు తయారుచేసినవారు, ప్రమాద అంచనా నిపుణులు, వృక్ష, జంతు శాస్త్రవేత్తలు, అడవులు, వన్యప్రాణుల నిపుణులు, పర్యావరణ ఆర్థికవేత్తలు అందులో ఉన్నారు. 2006 నాటి ఆ జాబితాలో ప్రజారోగ్య వైద్యుడు లేడు, సమాజ శాస్త్రవేత్త లేడు. చెట్టు గురించి, పిట్ట గురించి అడగడానికి ఒకరున్నారు, అది అవసరమే. ఆ చెట్టు కింద కాపురముంటున్న కుటుంబం ఊపిరితిత్తుల గురించి అడగడం మాత్రం ఎవరి వృత్తిధర్మంగానూ రాసిలేదు.

చదువుకు విలువ లేదని మేము అనడం లేదు. శాస్త్రం తెలియని వారిని రాజకీయ పునరావాసం కోసం మండళ్లలో కూర్చోబెట్టడం వల్ల జరిగిన నష్టాన్ని దేశమంతా చూసింది. ఈ విషయమై జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లో తీవ్రంగా స్పందించింది. 2017 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు టెచి టాగి తారా కేసులో తీర్పు చెబుతూ, నియామకాలు రాష్ట్రాల అధికారమని అంగీకరిస్తూనే, ఆరు నెలలలో తగిన మార్గదర్శకాలు లేదా నియామక నియమాలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. చట్టం కోరిన అర్హత లేని వ్యక్తిని నియమిస్తే, ఏ అధికారంతో ఆ పదవిలో ఉన్నారని ప్రశ్నిస్తూ పౌరులు హైకోర్టుకు వెళ్లవచ్చునని కూడా గుర్తుచేసింది. ఈ తీర్పు మన చేతిలో ఉన్న ఆయుధం.

అయితే కొలబద్ద డిగ్రీ ఒక్కటే అయితే ఏమవుతుందో సలీం అలీ జీవితం చూపుతుంది. పక్షి శాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించిన ఆ మహనీయునికి విశ్వవిద్యాలయ పట్టా లేదు. ఆ లోటు వల్లనే జూలాజికల్ సర్వేలో ఉద్యోగం దొరకలేదు. 1930ల తొలినాళ్లలో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసింది ఆయనే. తరువాత దేశం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది, 1985లో రాజ్యసభకు నామినేట్ చేసింది. 2006 నోటిఫికేషన్‌లోని నిర్వచనాన్ని అక్షరాలా వర్తింపజేస్తే సలీం అలీ నిపుణుల కమిటీకి అర్హులు కారు. 1974 చట్టం వాడిన 'ఆచరణాత్మక అనుభవం' అన్న మాట ఎంత ముఖ్యమైనదో దీనివల్ల తెలుస్తుంది.

మన నేల నేర్పిన పాఠాలు

వృత్తి అనుభవం నిర్ణయాలను ఎలా మలుస్తుందో చెప్పడానికి దూరదేశాల ఉదాహరణలు అక్కరలేదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు నగరానికి ఎగువన రెండు జలాశయాలు వెలిశాయి. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ కాలపు నిర్మాణాలతో విడదీయరాని పేరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్‌ది. 1877 జులై 11న పుట్టిన ఆయన ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగ్ చదివి, సంస్థానపు చీఫ్ ఇంజనీరు అయ్యారు. ఆయన జయంతిని తెలంగాణ ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నది. ఒక మైసూరు ఇంజనీరు సలహా, ఒక హైదరాబాదీ ఇంజనీరు పనితనం కలిసి నగరానికి తరతరాల తాగునీటిని ఇచ్చాయి. ఆనాడు ఎవరి మతమేమిటని నీరు అడగలేదు. పనివారికి పని తెలుసా అన్నదే లెక్కకు వచ్చింది.

ఆ జలాశయాల రక్షణ కోసమే 1996 మార్చి 8న 111వ నంబరు జీవో వచ్చింది. 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య పరిశ్రమలను అది నిషేధించింది. ఆ పరిధిలోనే పెద్దషాపూర్ గ్రామం వద్ద ఒక నూనె పరిశ్రమ స్థాపనకు ప్రయత్నం జరిగింది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. పరిశ్రమ అప్పీలుకు వెళ్లి, ప్రమాదమేమీ లేదని చెప్పే శాస్త్రీయ అభిప్రాయాన్ని సమర్పించింది. అప్పీలు అధికారి దానిని అంగీకరించారు. ఇదే 'ఎ.పి. కాలుష్య నియంత్రణ మండలి వర్సెస్ ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు' కేసుగా సుప్రీంకోర్టుకు చేరింది. 1999 జనవరి 27న తీర్పు రాసిన జస్టిస్ ఎం. జగన్నాథరావు గారు మన తెలుగు న్యాయమూర్తి. శాస్త్రవేత్తలే రెండు విధాలుగా చెబుతున్నప్పుడు చట్టం మాత్రమే చదివినవారు ఎలా తీర్పు చెప్పగలరన్నది ఆ తీర్పులోని ప్రధాన ప్రశ్న. పర్యావరణ వివాదాలు విచారించే సంస్థలలో న్యాయమూర్తులతో పాటు శాస్త్రవేత్తలు కూడా ఉండాలని ఆయన సూచించారు. హాని జరగదని నిరూపించవలసిన భారం పరిశ్రమ తలపెట్టినవారిపైనే ఉంటుందన్న సూత్రాన్ని స్థిరపరిచారు. 2000 డిసెంబరులో మండలి నిరాకరణను కోర్టు సమర్థించింది. అదే న్యాయమూర్తి లా కమిషన్ అధ్యక్షులుగా 2003లో 186వ నివేదిక ఇచ్చారు. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఏర్పడడానికి ఆ నివేదిక బాట వేసింది. 'ఎవరు కూర్చుంటున్నారు' అన్న ప్రశ్న ఒక జలాశయం ఒడ్డున మొదలై దేశపు న్యాయవ్యవస్థనే మార్చింది.

మరొక పాఠం పటాన్‌చెరుది. 1980ల నుంచి అక్కడి పరిశ్రమల వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి, పొలాలను, బావులను పాడుచేశాయి. ఆ సంగతిని లోకానికి చాటినవారిలో ముందున్న వ్యక్తి డాక్టర్ అల్లాని కిషన్ రావు. ఆయన కాలుష్య శాస్త్రవేత్త కాదు, అక్కడే వైద్యం చేసుకుంటున్న డాక్టరు. రోగులను పరీక్షించే బల్ల దగ్గర ఆయనకు కనిపించినది నీటి నమూనాల పట్టికలో కనిపించదు. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అటువంటి వైద్యుడు మొదటి నుంచే మండలిలో సభ్యునిగా ఉండి ఉంటే, కోర్టు మెట్లు ఎక్కకముందే ఆ ప్రశ్నలు మండలి సమావేశంలోనే వినిపించేవి.

మన స్థానం ఎక్కడ?

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికను మనం ఎన్నో వేదికలపై ఉటంకిస్తుంటాం. ఐఏఎస్‌లో ముస్లింలు 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం అని అది చెప్పింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో ముస్లింలు 13.4 శాతం. పేరున్న కళాశాలల్లో పట్టభద్ర విద్యార్థులలో 25 మందికి ఒకరు, స్నాతకోత్తర విద్యార్థులలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని కూడా అది తేల్చింది. ఈ అంకెలను పైన చెప్పిన సెక్షన్ల పక్కన పెట్టి చదవండి. అధికారుల స్థానాలు అధికారుల నుంచే నిండుతాయి. నిపుణుల స్థానాలు స్నాతకోత్తర పట్టాలున్నవారి నుంచి నిండుతాయి. ఎవరూ మనపై కక్ష కట్టనవసరం లేకుండానే ఆ రెండు ద్వారాల వద్ద మన సంఖ్య తగ్గిపోతుంది.

ఇక కాలుష్యం దగ్గరకు వస్తే మన సంఖ్య తగ్గదు. మూసీ ఒడ్డు బస్తీలలో, కాటేదాన్ పారిశ్రామికవాడ చుట్టుపక్కల, పాతనగరపు నాలాల పక్కన ఎవరు నివసిస్తున్నారో మీకు తెలుసు. కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంట ఒకప్పటి చెరువు, నేడు వ్యర్థాల గుంట. పాత ప్లాస్టిక్‌ను కరిగించి దాణా తీసే యూనిట్లలో, స్క్రాప్ దుకాణాలలో, బ్యాటరీలు విప్పే చోట్ల, రాళ్లు కోసి నునుపు చేసే ఫ్యాక్టరీలలో మన యువకులు పనిచేస్తున్నారు. దూది దుమ్ము ఊపిరిలో నింపుకుంటూ తరాల తరబడి బతికిన నూర్‌బాషా దూదేకుల సోదరుల అనుభవం ఏ నివేదికలోనూ నిపుణతగా నమోదు కాలేదు.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని కూడా మనం మాట్లాడుకోవాలి. పొగ పీల్చే కుటుంబమూ మనదే, కొన్నిచోట్ల పొగ వదిలే చిన్న యూనిట్టూ మనదే. మండలి అధికారులు వచ్చి కరెంటు కట్ చేయించి యూనిట్‌కు తాళం వేస్తే గాలి కొంత తేటపడుతుంది, ఆ సాయంత్రం నుంచి పది ఇళ్లలో పొయ్యి వెలగదు. పెద్ద పరిశ్రమకు శుద్ధి యంత్రం కొనే స్తోమత, వాదించే వకీలు, మండలిలో తన మాట చెప్పే ప్రతినిధి ఉంటారు. చిన్న యూనిట్‌కు ఉమ్మడి శుద్ధి కేంద్రం కావాలనీ, తరలింపుకు గడువు కావాలనీ, కూలీలకు ఆ మధ్యకాలంలో ఆసరా కావాలనీ లోపల కూర్చుని చెప్పేవారు ఎవరు? ఆరోగ్యమా, అన్నమా అని మనవాళ్లను మనవాళ్లకే ఎదురు నిలబెట్టే పరిస్థితి ఆ ఖాళీ కుర్చీ వల్లనే వస్తున్నది.

మేము కోరేది ఏమిటి?

'మండలిలో ఒక ముస్లిం ఉండాలి' అని మాత్రమే అడిగితే సరిపోతుందని కొందరు మిత్రులు అంటున్నారు. మేము దానితో ఏకీభవించడం లేదు. బస్తీ గడప తొక్కని ఒక పదవీ విరమణ చేసిన అధికారిని మన పేరుమీద కూర్చోబెడితే లెక్క తేలుతుంది, బాధ తీరదు. కిషన్ రావు గారి వంటి వైద్యుడు ఏ మతస్థుడైనా మన పిల్లల ఊపిరి గురించి అడుగుతాడు. మనం అడగవలసినది వృత్తి పేరుతో: ప్రజారోగ్యం తెలిసిన వైద్యులు, కాలుష్యం మధ్య నివసించే వార్డుల ప్రతినిధులు, చిన్న పరిశ్రమల కార్మికులు. ఈ ప్రమాణాలను నిజాయితీగా పాటిస్తే మనవారు తమ అర్హతతోనే ఆ స్థానాలలోకి వస్తారు. అలా వచ్చినవారి మాటకు బరువు కూడా ఉంటుంది.

ఇందుకోసం చేయవలసిన పనులను ఐదింటిగా చెబుతాం.

మొదటిది, సమాచారం. సమాచార హక్కు చట్టం 2005లోని 4వ సెక్షన్ ప్రకారం సలహా కోసం ఏర్పాటైన మండళ్లు, కౌన్సిళ్లు, కమిటీల వివరాలను, వాటి సమావేశాలకు ప్రజలను అనుమతిస్తారా, మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయా అన్నది ప్రభుత్వ సంస్థలు తామే ప్రకటించాలి. ప్రకటించకపోతే పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ప్రతి సభ్యుడు ఏ నిబంధన కింద నియమితుడు, అతని వృత్తి అనుభవం ఏమిటి, ఏడాదిలో ఎన్ని సమావేశాలు జరిగాయి, ఖాళీలెన్ని అని స్పష్టంగా అడగండి.

రెండవది, స్థానిక సంస్థల స్థానాలు. మన కార్పొరేటర్లను, మునిసిపల్ కౌన్సిలర్లను కలిసి ఈ ఐదు స్థానాల సంగతి చెప్పండి. కాలుష్య ప్రాంతాల వార్డుల నుంచే ఆ నామినేషన్లు జరగాలని తీర్మానాలు చేయించండి.

మూడవది, చట్టంలోని 9, 10 సెక్షన్లు. మండలి వెలుపలి వ్యక్తులతోనూ కమిటీలు వేయవచ్చునని 9వ సెక్షన్ చెబుతున్నది. ఒక ప్రత్యేక విషయంపై ఎవరి సలహా అవసరమైతే వారిని చర్చలకు పిలవవచ్చునని 10వ సెక్షన్ చెబుతున్నది. వారికి ఓటు ఉండదు, మాట్లాడే హక్కు ఉంటుంది. స్క్రాప్, ప్లాస్టిక్ యూనిట్ల విషయం చర్చకు వచ్చినప్పుడు ఆ పని చేసే కార్మికులను పిలవమని వినతిపత్రాలు ఇద్దాం.

నాలుగవది, ప్రజాభిప్రాయ సేకరణ. ప్రజాభిప్రాయ సేకరణ వర్తించే ప్రాజెక్టుల విషయంలో 30 రోజుల ముందు పత్రికలలో ప్రకటన ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. అక్కడ మనం లేవనెత్తిన ప్రతి అభ్యంతరం రికార్డుకెక్కి నిపుణుల కమిటీ ముందుకు వెళుతుంది. నినాదాలతో తిరిగిరాకుండా, ఆస్పత్రి చీటీలు, బోరు నీటి పరీక్షల ఫలితాలు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఐదవది, మన పిల్లల చదువు. ఇంజనీరింగ్ అంటే కంప్యూటర్లు, వైద్యమంటే సొంత క్లినిక్ అనే ఆలోచన నుంచి కొంత బయటికి రావాలి. పర్యావరణ ఇంజనీరింగ్, ప్రజారోగ్యం, రసాయన శాస్త్రం, భూగర్భ జల శాస్త్రం, పర్యావరణ న్యాయం చదివే అమ్మాయిలకు, అబ్బాయిలకు మన ట్రస్టులు స్కాలర్‌షిప్పులలో కొంత భాగం కేటాయించాలి. నిపుణునిగా గుర్తింపు రావడానికి 15 ఏళ్ల అనుభవం కావాలి. అంటే ఈ సంవత్సరం మొదలుపెట్టిన బిడ్డ ఆ కుర్చీకి అర్హత సాధించడానికి రెండు దశాబ్దాలు పడుతుంది. ఆలస్యం చేయడానికి మన దగ్గర సమయం లేదు.

సోదర సోదరీమణులారా, మండలి సభ్యుల పదవీకాలం మూడేళ్లు. ప్రతి మూడేళ్లకు ఒకసారి ఈ పేర్ల జాబితా మళ్లీ రాయబడుతుంది. ఇప్పటివరకు ఆ జాబితా వచ్చిన తరువాత కూడా మనం చదవలేదు. ఇకమీదట అది రాకముందే, ఏ వృత్తుల వారు ఎందుకు కావాలో రాసి ప్రభుత్వానికి పంపుదాం. మీ మీ జిల్లాలకు తిరిగి వెళ్లిన వెంటనే సమాచార హక్కు దరఖాస్తుతో ఈ పని ప్రారంభించవలసిందిగా మిమ్మల్ని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.